లిగ్నైట్‌ నుంచి యూరియా.. డెల్టాకు మేలెంత?

మచిలీపట్నం: బొగ్గును మండించకుండా వాయువుగా మార్చే పరిజ్ఞానానికి కేంద్రం ఊతమిస్తోంది. ఇందుకు రూ.8,500 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని 2024 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. నైవేలిలో లభించే గోధుమరంగు బొగ్గు లిగ్నైట్‌కూ ఇది వర్తిస్తుంది. ఇందులో రూ.600 కోట్లను ప్రయోగాత్మక, చిన్నతరహా ప్లాంట్లకు కేటాయించారు.

ప్రక్రియ ఇదీ: లిగ్నైట్‌లో తేమ ఎక్కువ, వేడినిచ్చే గుణం తక్కువ. నేరుగా మండిస్తే యూనిట్‌ విద్యుత్తుకు వెలువడే బొగ్గుపులుసు వాయువు అధికం. పరిమితంగా ప్రాణవాయువు, ఆవిరి పంపి వేడిచేస్తే కార్బన్‌ మోనాక్సైడ్‌, హైడ్రోజన్‌ల మిశ్రమం వస్తుంది. గంధకాన్ని తొలగించి, దాని నుంచి మిథనాల్‌, అమ్మోనియా, యూరియా తయారుచేయవచ్చు.

తెలుగునాట అనుభవం: రామగుండంలో బొగ్గు ఆధారిత ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడింది. 2021లో అక్కడ మొదలైన కొత్త కర్మాగారం సహజవాయువుతో నడుస్తోంది. హైదరాబాద్‌లోని భెల్‌ పరిశోధన కేంద్రం, శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చిన రూ.10 కోట్లతో, బూడిద అధికంగా ఉండే బొగ్గు నుంచి రోజుకు 0.25 టన్నుల మిథనాల్‌ తీసే ప్లాంటును నెలకొల్పింది. 2022 జనవరిలో దాన్ని జాతికి అంకితం చేశారు.

రైతుకు ఏమిటి?: దేశీయ బొగ్గుతో యూరియా తయారైతే గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల వరి రైతులు దిగుమతుల కోసం ఎదురుచూడాల్సిన అవసరం తగ్గుతుంది. అయితే వాయువుగా మార్చినంత మాత్రాన కాలుష్యం పోదు. యూరియా తయారీలో కొంత బొగ్గుపులుసు వాయువు వినియోగమైనా, ఎరువు పొలంలో చల్లాక అది తిరిగి గాలిలోకే చేరుతుంది. మిగిలినదాన్ని పట్టి భూగర్భంలో నిల్వచేస్తేనే మేలు. 1977 ఉప్పెనను చవిచూసిన దివిసీమలో, సముద్రమట్టం పెరిగితే ముందుగా చౌడుబారేది శివారు పొలాలే. కనుక పరిశోధన నిధుల్లో ఆ వాయువును పట్టేందుకు దక్కే వాటా ఎంతన్నది డెల్టా వాసులు అడగవలసిన ప్రశ్న.