పది బండ్లు – ఒక ప్రయాణం

ఆదివారం తెల్లవారుజామున చిక్కడపల్లి మెయిన్ రోడ్డు చూశారా? పాలబండ్లు, పేపర్లు వేసే పిల్లలు తప్ప ఎక్కువ మంది కనిపించరు. అట్లాంటి వేళ ఒక్కోసారి నారాయణగూడ చౌరస్తా వైపు మోటారుసైకిళ్ల చప్పుడు వినిపిస్తుంది. పది బండ్లు ఒకచోట చేరతాయి. అందరి తలల మీద హెల్మెట్లు ఉంటాయి. వీళ్లు ఎక్కడికి పోతున్నారు? పందెం వేసుకున్నారా?

కాదు. వీళ్లు మోటారుసైకిల్ క్లబ్బు వాళ్లు. క్లబ్బు అంటే ఒకే ఇష్టం ఉన్నవాళ్ల సంఘం. మన పొదుపు సంఘంలో కలిసి డబ్బు కూడబెడతాం. వీళ్లు కలిసి ఊళ్లు చూసి వస్తారు. సంఘానికి ఉన్నట్టే క్లబ్బుకూ కట్టుబాట్లు ఉంటాయి. పొద్దున పోయినవాళ్లంతా సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరాలి. ఆ కట్టుబాట్లు ఉన్నది అందుకే.

బయలుదేరే ముందు

వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలకు పోతున్నారనుకుందాం. మన హైదరాబాదు నడుమ పారే మూసీ నది పుట్టింది ఆ కొండల్లోనే. మెహిదీపట్నం, మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోవాలి. పోవడానికి సుమారు 80 కిలోమీటర్లు. రానుపోను 160 కిలోమీటర్లు.

ముందుగా పెట్రోలు లెక్క చూస్తారు. పెద్ద బండి లీటరుకు 35 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. 160ని 35తో భాగిస్తే నాలుగున్నర దాటుతుంది. అంటే 5 లీటర్లు ఉండాలి. తర్వాత టైర్లలో గాలి, బ్రేకులు, లైట్లు చూస్తారు. లైసెన్సు, బండి కాగితాలు సరిచూస్తారు. చివరికి తలలు లెక్కపెడతారు. ఎంతమంది పోతున్నారో అంతమందీ తిరిగి రావాలి.

అశోక్‌నగర్ గల్లీల్లో జనం ఇంకా నిద్రలో ఉంటారు. మంచి క్లబ్బు వాళ్లు అక్కడ హారన్ కొట్టరు. ఇంజను గట్టిగా మోగించరు.

ముందు ఒకరు, వెనక ఒకరు

దారి బాగా తెలిసినవాళ్లు అందరికన్నా ముందు నడుపుతారు. వాళ్లను ఎవరూ దాటి పోకూడదు. బాగా అనుభవం ఉన్న ఇంకొకరు అందరికన్నా వెనక వస్తారు. పంచరు సామాను, మందుల పెట్టె ఆ బండిలో ఉంటాయి. ఎవరి బండి ఆగినా వాళ్లు ఆగుతారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లను ముందు బండి వెనకే ఉంచుతారు. వాళ్లు ఎంత వేగంగా పోగలరో మిగతావాళ్లూ అంతే పోవాలి. నెమ్మదిగా పోయేవాళ్లను వదిలేసి పోతే అది గుంపు ప్రయాణం కాదు.

బండ్లన్నీ ఒకే గీత మీద పోవు. మొదటిది కొంచెం కుడికి, రెండోది కొంచెం ఎడమకు, మూడోది మళ్లీ కుడికి ఉంటాయి. అట్లా ఉంటే ముందు రోడ్డు కనబడుతుంది. ఒకరు బ్రేకు వేసినా వెనకవాళ్లు గుద్దుకోరు. రోడ్డు ఇరుకైతే మాత్రం అందరూ ఒకే వరసలోకి వస్తారు.

బండికీ బండికీ ఎంత దూరం ఉండాలి? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లు దాటుతుంది. ముందు బండి ఒక చెట్టును దాటగానే వెనకవాళ్లు లెక్కపెడతారు. రెండు సెకన్ల తర్వాతే తాము ఆ చెట్టు దగ్గరికి రావాలి. వానలో నాలుగు సెకన్లు కావాలి.

దారిలో మాటలు వినబడవు. అందుకే చేతి సైగలు చేస్తారు. కుడి చేతిలో వేగం పెంచే పిడి, ముందు బ్రేకు ఉంటాయి. కాబట్టి ఎడమ చెయ్యి ఎత్తితే ఆగమని అర్థం. వేలుతో కిందికి చూపిస్తే అక్కడ గుంత ఉందని అర్థం.

పల్లె రోడ్డు ఎవరిది?

పల్లె రోడ్డు మీద మేకలు, బర్రెలు అడ్డం వస్తాయి. వెనక లైటు లేని ట్రాక్టర్లు పోతుంటాయి. కోతల కాలంలో రైతులు వడ్లు, మక్కలు ఆరబోస్తారు. మలుపుల్లో ఇసుక ఉంటుంది. నెత్తిన మూటతో నడిచే ఆడవాళ్లు ఉంటారు. బడి పిల్లలు ఉంటారు. రోడ్డు వీళ్లందరిదీ. చూడటానికి వచ్చినవాళ్లే తగ్గి పోవాలి.

చేవెళ్ల రోడ్డు పాత మర్రిచెట్లకు పేరుపొందింది. అదే రోడ్డు మీద 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. చాలామంది చనిపోయారు. ఎవరో ఒకరు గీత దాటితే బుద్ధిగా పోయేవాళ్లూ బలైపోతారు. ప్రమాదం చూస్తే 108కి ఫోను చెయ్యాలి. సాయం చేసినవాళ్లను ఇబ్బంది పెట్టకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. కాబట్టి భయపడి తప్పుకుని పోవద్దు.

దారి పక్క రాళ్లు కూడా మనతో మాట్లాడతాయి. పైన పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి. ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. నారింజ రంగు ఉంటే పల్లె రోడ్డు. రాయి మీద ఊరి పేరు, దూరం రాసి ఉంటాయి. చదవడం వచ్చినవాళ్లు దారి ఎవరినీ అడగనక్కర లేదు.

ఆడవాళ్లు నడుపుతారా?

ఎందుకు నడపరు? మోటారుసైకిల్ నడిపే ఆడవాళ్లు 2011లో ‘బైకర్నీ’ అనే సంఘం పెట్టుకున్నారు. 2018 ఫిబ్రవరిలో జై భారతి, మరో ముగ్గురు మహిళలు హైదరాబాదు నుంచి మోటారుసైకిళ్ల మీద బయలుదేరారు. వాళ్లలో ఒకరు పోలీసు ఉద్యోగి. మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలు తిరిగి ఏప్రిల్‌లో ఇంటికి వచ్చారు. సుమారు 17 వేల కిలోమీటర్లు తిరిగారు. తర్వాత జై భారతి ‘మోవో’ అనే సంస్థ పెట్టి ఆడవాళ్లకు బండి నేర్పే పని చేపట్టారు.

సొంత బండి నడిపే లైసెన్సుకు పెద్ద చదువు అక్కర లేదు. రోడ్డు గుర్తులు, నియమాలు తెలియాలి. మొదటి పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి.

మన ఇంటి బండి మీద

క్లబ్బు వాళ్లలో హెల్మెట్ లేనివాళ్లను వెంట రానివ్వరు. మరి మన ఇళ్లల్లో? ఆయన తలకు హెల్మెట్ ఉంటుంది. వెనక కూర్చున్న ఆమె తలకు కొంగే ఉంటుంది. ఇద్దరూ పడితే రోడ్డు ఇద్దరికీ ఒకటే గట్టి కదా! నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలని చట్టం చెబుతోంది. దాని మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనాలి. గడ్డం కింద పట్టీ బిగించాలి. బండి మీద ఇద్దరే ఎక్కాలి. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా ఒడిలో గట్టిగా దోపుకోవాలి. వెనక చక్రానికి చీర గార్డు ఉందో లేదో చూసుకోవాలి.

ఇంటికి రెండో హెల్మెట్ కొందామని చెప్పండి. అది ఖర్చు కాదు, ప్రాణానికి కాపు.

ఆలోచించండి

1. గుంపులో అందరికన్నా వెనక అనుభవం ఉన్నవాళ్లు ఎందుకు ఉంటారు?
2. మీ ఊరి దారిలోని రాయి మీద ఏ రంగు ఉంది? ఏం రాసి ఉంది?
3. మీ ఇంట్లో ఎన్ని తలలు బండి ఎక్కుతాయి? ఎన్ని హెల్మెట్లు ఉన్నాయి?