ముందు ఊపిరి, తర్వాతే ఈత

నీళ్లంటే భయపడే పిల్లాడిని ఎత్తి బావిలో పడేస్తే ఈత అదే వస్తుందన్న నమ్మకం మన పల్లెల్లో పాతది. అలా వచ్చినవాళ్లూ ఉన్నారు. పెద్దయ్యాక ఆ కథ నవ్వుతూ చెబుతారు. ఆ దెబ్బతో జన్మలో మళ్లీ నీళ్ల జోలికి పోనివాళ్లు మాత్రం ఏ కథా చెప్పరు. అందుకే ఆ పద్ధతి బాగానే పనిచేసిందని మనకు అనిపిస్తుంది.

నిజానికి అంతకంటే మంచి పద్ధతి ఆ బావుల దగ్గరే ఉండేది. పిల్లల నడుముకు ఎండిన సొరకాయ బుర్రలో, బెండ్లో కట్టి, తాడు కొస పెద్దవాళ్లు ఒకరు పట్టుకునేవారు. కొంచెం అలవాటు పడ్డాక బెండ్లు ఒక్కొక్కటే తీసేసేవారు. ఆసరా ఉండాలి, అది పిల్లలు బెదరకుండా మెల్లగా తగ్గుతూ రావాలి. ఇవాళ టైల్స్ వేసిన స్విమ్మింగ్ పూల్‌లో మంచి కోచ్ చేసేదీ ఇదే.

అసలు పిల్లలు దేనికి భయపడతారు? అడిగితే మునిగిపోతానంటారు. వాళ్లను గట్టుకు అతుక్కుపోయేలా చేసేది మాత్రం చాలాసార్లు ముక్కులోకి నీళ్లు పోయి నషాళానికంటిన మంటే. ముఖానికి ఉన్నట్టుండి నీళ్లు తగిలితే చాలామంది ఒక్కసారిగా గాలి లోపలికి పీలుస్తారు. గాలితోపాటు నీళ్లూ పోతాయి. దీనికి విరుగుడు ఊపిరి బిగబట్టడం అనుకుంటాం గానీ, ముక్కులోంచి మెల్లగా గాలి వదులుతూ ఉండటం ఇంకా మేలు. గాలి బయటికి వస్తున్నంతసేపూ నీళ్లు లోపలికి పోవు. ఈ ఒక్క సంగతి ఒంటబట్టిందంటే సగం భయం పోయినట్టే.

దీనికి పూల్ కూడా అక్కర్లేదు. ఇంట్లో వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, మూతి పెట్టి బుడగలు ఊదమనండి. మర్నాడు ముక్కుతో ఊదమనండి. స్నానం చేసేటప్పుడు తలమీంచి చెంబుతో నీళ్లు పోసి, కళ్లు తుడుచుకోకుండా కాసేపు ఉండమనండి. ఆట అయిపోగానే గిన్నె, బకెట్ ఖాళీ చేయడం మరిచిపోవద్దు. పసిపిల్లలకు బకెట్ నీళ్లు కూడా ప్రాణాంతకమే.

పూల్‌లో దిగాక పిల్లల్ని కంగారుపెట్టే విషయాలు మరో రెండున్నాయి. వాటిని ఎవరూ ముందుగా చెప్పరు. నీళ్లు గుండెల దాకా వచ్చేసరికి ఊపిరి బరువెక్కినట్టు ఉంటుంది. అది నీటి ఒత్తిడి ఛాతీని నొక్కడం వల్ల వచ్చేదే, జబ్బు కాదు. చెవులు నీళ్లలో మునిగితే లోకమంతా దూరమైనట్టు శబ్దాలు మందగిస్తాయి. ఈ రెండూ ఇలా ఉంటాయని దిగక ముందే చెబితే పిల్లలు బెదరరు.

తర్వాత తేలడం. గుండెల నిండా గాలి పీల్చుకుని, నడుములోతు నీళ్లలో అడుక్కి వెళ్లి కూర్చోమంటే పిల్లలు కూర్చోలేరు. కోచ్ పక్కన ఉండగా ఈ ఆట ఆడించాలి. నీళ్లు తమను కిందికి లాగవు, పైకి తోస్తాయి అన్నది ఎంత చెప్పినా ఎక్కదు, ఇలా ఒకసారి తెలుసుకుంటే మరిచిపోరు. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కనుక ఛాతీ తేలుతుంది, కాళ్లు బరువు కనుక కిందికి దిగుతాయి. భయంతో తల పైకెత్తితే నడుము మరింత దిగిపోతుంది. వెల్లకిలా పడుకుని, చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి, ఆకాశం వైపు చూడమనేది అందుకే.

అయితే తేలడం కన్నా ముందు నేర్పాల్సింది తిరిగి లేచి నిలబడటం. చాలా చోట్ల దీన్ని దాటేస్తారు. నడుములోతు నీళ్లలో కూడా పిల్లలు గిలగిలలాడేది కాళ్లు అడుగున ఎలా ఆనించాలో తెలియకే. వెల్లకిలా ఉన్నప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, మోకాళ్లు పొట్టకేసి ముడిచి, చేతులతో నీళ్లను తోస్తే పాదాలు వాటంతటవే కిందికి వస్తాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు నిలబడగలనని తెలిసిన పిల్ల తేలడానికి వెనకాడదు.

ఇక్కడ పెద్దలు చేసే పెద్ద తప్పు ఒకటుంది. ‘వదలను నాన్నా, వదలను’ అంటూనే వదిలేయడం. ఆ క్షణానికి పిల్లాడు నాలుగడుగుల దూరం తేలొచ్చు. ఆ తర్వాత మాత్రం మీ మాట నమ్మడు, మళ్లీ మొదటికొస్తుంది. మూడు లెక్కపెట్టి వదులుతాను, మళ్లీ మూడు లెక్కపెట్టి పట్టుకుంటాను అని చెప్పండి, అలాగే చేయండి.

చేతులకు తొడిగే గాలి బుడగలు నాకు నచ్చవు. అవి ఒంటిని నీళ్లలో నిట్టనిలువుగా నిలబెడతాయి. ఈతకు కావలసింది అడ్డంగా పడుకునే భంగిమ. పైగా అవి లేకుండా కూడా తేలగలమన్న భ్రమ పిల్లలకు కలుగుతుంది.

ఏ వయసులో మొదలుపెట్టాలి? నాలుగేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలు పాఠాలకు సిద్ధంగా ఉంటారని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. చేతులు, కాళ్లు, ఊపిరి మూడూ కలిపి కుదరడానికి మరో ఏడాదో రెండేళ్లో పట్టొచ్చు. మూర్ఛ వంటివి ఉంటే డాక్టర్‌ను అడిగాకే దించాలి. చిన్న ఒళ్లు తొందరగా చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున చన్నీళ్ల బ్యాచ్ అయిదేళ్లవాళ్లకు పనికిరాదు. పెదాలు నీలంగా మారినా, వణుకు మొదలైనా ఆ రోజుకు చాలు. పక్కింటి పిల్ల వారానికే ఈదేస్తోందన్న మాట గట్టు మీద నుంచి వినిపించకూడదు. ఈత రాని అమ్మలు కూతుళ్లతోపాటు తామూ దిగితే అంతకంటే ధైర్యం మరొకటి లేదు. మన దగ్గర ఆడపిల్లల ఈతకు అడ్డు భయం కన్నా బట్టల గురించి, బ్యాచ్ వేళల గురించి వచ్చే పట్టింపులే.

ఎంత వస్తే ఈత వచ్చినట్టు? దీనికి బంగ్లాదేశ్‌లో స్విమ్‌సేఫ్ అనే కార్యక్రమం పెట్టుకున్న కొలత నాకు నచ్చింది. ఊరి చెరువుల్లోనే వెదురు తడికెలతో వేదికలు కట్టి పిల్లలకు నేర్పారు. 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు తేలుతూ ఉండాలి, మునుగుతున్నవాళ్లను గట్టు మీద నుంచే కాపాడటం తెలియాలి. స్ట్రోకులు, పతకాలు దాని తర్వాతి మాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి చనిపోయినవారు సుమారు 3 లక్షల మంది. సినిమాల్లో చూపినట్టు మునిగేవాళ్లు కేకలు వేయరు. నోరు నీటిమట్టానికి పైకీ కిందికీ అవుతుంటే పిలవడానికి ఊపిరి చాలదు, చప్పుడు లేకుండానే వెళ్లిపోతారు. అందుకే పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లు చేతికందే దూరంలో ఉండాలి, ఫోన్ సంచిలో ఉండాలి. లైఫ్‌గార్డ్ ఉన్నా, పిల్లలకు ఈత వచ్చినా ఇది మారదు. పూల్‌లో వచ్చిన ఈత కాలువ ప్రవాహంలోనూ, క్వారీ గుంతలోనూ సరిపోదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వేసవి వార్తలు చూడండి. ఒకరు మునిగితే కాపాడబోయి ఇంకో ఇద్దరు పోతుంటారు. పిల్లలకు ఈత నేర్పించేటప్పుడే ఇదీ నేర్పించండి: నేస్తం మునుగుతుంటే దూకొద్దు, గట్టిగా కేకవేసి పెద్దల్ని పిలవాలి, తాడో, కర్రో, తువ్వాలో అందించాలి, ఏదీ లేకపోతే మూత బిగించిన ఖాళీ డబ్బా విసరాలి.