దిగబడిన బండియు లాగెడి కొలికియు

ఆస్ట్రేలియా ఖండము నడుమ సింప్సన్ అను ఎడారి కలదు. అందు వేయికి పైగా ఇసుకదిబ్బలు ఒకదాని ప్రక్క నొకటి బారులు తీరియున్నవి. బర్డ్స్‌విల్ అను చిన్న యూరికి చేరువనున్న ‘బిగ్ రెడ్’ అను దిబ్బ ఎత్తు సుమారు 40 మీటర్లు. నాలుగు చక్రములును ఇంజను బలముచే తిరుగు మోటారు బండ్లలో యాత్రికులు ఈ దిబ్బలను దాటుచుందురు. ఇసుకలో బండి దిగబడుట అచట వింత కాదు. అట్లు దిగబడినప్పుడు మరియొక బండికి నైలాను పట్టీ తగిలించి దానిని లాగుదురు. పట్టీని బండికి కలుపు కొలికికి షాకిల్ అని పేరు. చూచుటకు అల్పమైన వస్తువే గాని, దాని యెంపికలో ప్రాణముల ప్రసక్తి యున్నది.

ఉక్కు షాకిల్ గుఱ్ఱపు లాడము వలె వంపు తిరిగియుండును. రెండు కొనలయందును రంధ్రము లుండును. వానిలో నొక లావుపాటి శీలను దూర్చి మరతో బిగింతురు. ఇంగ్లీషు ‘డి’ అక్షరము వలె ఇరుకుగా నుండునది ఒక రకము. విల్లు వలె కడుపు వెడల్పైనది రెండవ రకము. తిన్నగా లాగుటకు మొదటిది చాలును. పట్టీ ఒకింత ప్రక్కకు ఒరుగు చోట, లేక రెండు పట్టీలు కలియు చోట, విల్లు రకమే మేలు. అయినను ప్రక్కలాగుడు దానికిని హితము కాదు. 45 డిగ్రీల వాలున లాగినచో దాని శక్తి నూటికి 70 పాళ్లకును, 90 డిగ్రీల వాలున సగమునకును తగ్గును.

ఇక అంకెల సంగతి. నమ్మదగిన షాకిల్‌పై అది మోయదగిన భారము పోతపోసి గాని, అచ్చుగ్రుద్ది గాని యుండును. 19 మిల్లీమీటర్ల షాకిల్‌పై సాధారణముగా 4.75 టన్నులని కానవచ్చును. అంతకు మించిన విరుగునని దీని యర్థము కాదు. ఆరు రెట్ల భద్రతతో చేసిన షాకిల్ 28.5 టన్నుల వరకు విరుగరాదు. ఇటీవలి కాలమున గట్టి ప్లాస్టిక్ నూలుతో అల్లిన మెత్తని షాకిళ్లు వచ్చినవి. వీనిలో పెక్కింటిపై తెగు భారమునే ముద్రింతురు. ఒకదానిపై 13 టన్నులని యున్నదనుకొందము. 4.75 కంటె 13 పెద్దది గదా యని భ్రమపడువారు కలరు. మొదటిది వాడదగిన హద్దు, రెండవది తెగిపోవు హద్దు. ఈ రెంటిని సరిపోల్చుట తప్పు. ఏ గుర్తును లేని షాకిల్ ఎంత లావుగా నున్నను లాగుటకు పనికిరాదు.

అట్లయిన మెత్తని షాకిల్‌ను ఏల మెచ్చుకొందురు? నైలాను పట్టీ సాగుచు, ఉండేలు రబ్బరు వలె తనలో శక్తిని దాచుకొనును. ఏదేని ఒకటి తెగినచో ఆ శక్తి యంతయు ఒక్క పెట్టున విడుదలయగును. నిజమునకు మంచి షాకిల్ విరుగుట అరుదు. బండికి దానిని తగిలించిన చోటే ఊడివచ్చుట తరచు. ట్రెయిలరు తగిలించుటకు బండి వెనుక అమర్చు ఇనుప గుండుకు పట్టీ వేసి లాగగా, అది విరిగి ఎగిరి తగిలి ఆస్ట్రేలియాలో మనుష్యులు మరణించిరి. ఉక్కు షాకిల్ బరువు కిలోకు పైబడియుండును. ఒక కిలో ఉక్కు సెకనుకు 30 మీటర్ల వేగమున వచ్చినచో దాని శక్తి 450 జౌళ్లు. అదే వేగమున వచ్చు 200 గ్రాముల మెత్తని షాకిల్‌కు 90 జౌళ్లే. ఇదియే దాని గొప్ప సుగుణము. పైగా అది నీటిపై తేలును. ఏటిని దాటువేళ చేజారినను మునిగిపోదు.

దోషములును లేకపోలేదు. పదునైన అంచు తగిలిన అది కోసికొనిపోవును. సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి దాని నూలు కరగును. అంతకు చాల ముందే బలము సన్నగిల్లును. అల్లికలో ఇసుక చేరిన పోగులు లోలోపల ఒరసికొని తెగును. కావున అంచులు నునుపుగా లేని కొక్కెమునకు ఉక్కు షాకిల్, నున్నని గుండ్రని కొక్కెమునకు మెత్తనిది తగియున్నవని నా తలంపు.

ఏది వాడినను పట్టీ నడుమ బరువైన దుప్పటి యొకటి కప్పుదురు. తెగినచో అది పట్టీ విసురును కొంత తగ్గించును. బండ్ల వెలుపల నున్నవారు పట్టీ పొడవునకు కనీసము ఒకటిన్నర రెట్ల దూరమున నిలువవలెను. పని ముగిసిన పిదప మెత్తని షాకిల్‌ను మంచినీట కడిగి నీడపట్టున ఆరవేయుదురు. ఉక్కుదాని శీల వంగినదేమో చేతితో త్రిప్పి చూచి గాని పెట్టెలో పెట్టరు.