పాప నిద్ర చెడగొట్టని కంప్రెసర్
నోవైలో మా ఇంటి బేస్‌మెంట్‌లో బొమ్మ విమానాలకి ఎయిర్‌బ్రష్‌తో రంగులు వేస్తుంటాను. తీరిక దొరికేది పాప పడుకున్నాకే. చవగ్గా వస్తోందని మొదట నెయిల్ గన్‌లకి వాడే కంప్రెసర్ కొన్నాను. అది మోగగానే పాప లేచి ఏడుపు! మా ఆవిడ మెట్ల మీద నిలబడి "అదుండాలా, మేముండాలా?" అంది.

నిజానికి ఈ పనికి 15 నుంచి 25 పీఎస్ఐ ఒత్తిడి చాలండీ. నూనె అక్కర్లేని చిన్న పిస్టన్ మోటారు, మూడు లీటర్ల ట్యాంకు ఉన్నది తీసుకోండి. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోతుంది. అట్టపెట్టె మీద డెసిబెల్స్ చూడండి. పది పెరిగితే చెవికి మోత దాదాపు రెట్టింపు. తేమ పట్టే ఫిల్టర్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, ఇక్కడి వేసవి ఉక్కకి రంగులో నీటిబొట్లు పడతాయి.

పాప ఇప్పుడు లేవడం లేదు. రంగు వాసన గొడవ ఇంకా తేలలేదు.