ఈ వయసులో గొంతుకు కత్తా?

ధర్మవరం మగ్గాల వీధుల్లో, పెనుకొండ టీ అంగళ్ల దగ్గర, హిందూపురం మార్కెట్ యార్డులో గొంతు క్యాన్సర్ అనగానే ఒకే మాట: "డెబ్బై ఏళ్ల ముసలాయనకు గొంతులో కత్తి పెట్టిస్తారా? కత్తి తగిలితే పుండు ఇంకా పాకుతాది. ఉన్నన్నాళ్లు ఉండనీండి." ప్రేమతోనే అంటారు. ఆ మాట విని ఇంటివాళ్లు నెలలు గడిపేస్తారు. చిన్నగా ఉన్నప్పుడు నోట్లోంచే తీసేయగలిగిన పుండు, ఊపిరాడక మెడకు రంధ్రం పెట్టాల్సినంత పెరుగుతుంది.

ముందు ఆ కత్తి సంగతి. స్వరపేటికలో తొలిదశ క్యాన్సర్‌కు చేసే లేజర్ ఆపరేషన్‌లో మెడ మీద గాటే పడదు. మత్తిచ్చి, నోటి గుండా లోహపు గొట్టం దించి, మైక్రోస్కోపులో చూస్తూ కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణంతో పుండునూ చుట్టూ కాస్త మంచి కండనూ కోసి తీస్తారు. 1970ల మొదట్లో అమెరికాలోని బోస్టన్‌లో గొంతుకు ఈ లేజర్ వాడడం మొదలైంది. నిన్నమొన్నటి ప్రయోగమని భయపడక్కర్లేదు. జబ్బు స్వరతంత్రులు దాటని తొలిదశలో పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి నయమవుతుంది. అక్కడ లింఫు నాళాలు బాగా తక్కువ, అందుకే మెడ గ్రంథులకు ఆలస్యంగా పాకుతుంది. శరీరమే ఇచ్చిన ఆ గడువును మనం చేజేతులా పోగొడుతున్నాం. పరీక్షకు ముక్క తీసినా పాకదు. ముక్క తీయనిదే జబ్బేమిటో తేలదు.

లేజర్ అంటే "కరెంటు పెట్టడం" అనుకునేవాళ్లూ ఉన్నారు. మనవాళ్లు కరెంటు అనేది రేడియేషన్‌ని. అదీ మంచి చికిత్సే, తొలిదశలో ఫలితం దాదాపు సమానం. కాకపోతే వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు నుంచి ఏడు వారాలు తిరగాలి. బెంగళూరులో గది తీసుకోవాలి, తోడుకు ఒకరు మగ్గం వదిలి కూర్చోవాలి. లేజర్‌కు మామూలుగా ఒకటి రెండు రోజుల ఆసుపత్రి చాలు. జబ్బు తిరగబెడితే మళ్లీ చేయొచ్చు, రేడియేషన్ కూడా చేతిలో మిగిలే ఉంటుంది. రేడియేషన్ ఒకసారి పూర్తిగా ఇచ్చాక అదే చోట మళ్లీ ఇవ్వడం కష్టం.

వయసు భయంలో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. గుండె జబ్బున్నా, బీడీలతో ఊపిరితిత్తులు పాడైనా మత్తు ప్రమాదమే. అది తేల్చాల్సింది ఈసీజీ, ఎకో, మత్తు డాక్టరు. ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం చూసి ఇరుగుపొరుగు తేల్చేది కాదు. ఆపరేషన్ తర్వాత గొంతు కొంత బొంగురుగా ఉండిపోవచ్చు. పుండు బాగా పెరిగినవాళ్లకు, గుట్కాతో దవడలు బిగిసి నోరు తెరుచుకోనివాళ్లకు లేజర్ కుదరదు.

మిగతా అపోహల సంగతీ చెప్పుకోవాలి. చెంబు పంచుకుంటే ఈ జబ్బు అంటదు. బీడీ ముట్టనివాళ్లకూ రావచ్చు. ఏ పసరూ దీన్ని కరిగించదు.

గొంతు బొంగురు మూడు వారాలు దాటితే కషాయాలు ఆపి, ఈఎన్‌టీ డాక్టరు చేత గొంతులో కెమెరా వేయించి చూపించండి. బీడీ ఆ రోజే మాన్పించండి. క్యాన్సరని తేలితే బెంగళూరు కిద్వాయి లాంటి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లి సూటిగా అడగండి: లేజర్ కుదురుతుందా, రేడియేషన్ మేలా? ఎన్టీఆర్ వైద్యసేవ అక్కడ వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. డాక్టరు ముందు మాట్లాడేటప్పుడు పెద్దాయన్ను బయట కూర్చోబెట్టకండి. గొంతు ఆయనది, ఆయన్నే అడగండి.