పది రూపాయల పేకాటే కదా!

ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే ఆ భారం ఇంటిల్లిపాది మీదా పడుతుంది. రోగి వార్డులో మంచం మీద ఉంటే, వెంట వచ్చినవారు వరండాలో బల్ల మీద రోజులు గడుపుతారు. వేళకు తిండి ఉండదు, కంటినిండా నిద్ర ఉండదు. రిపోర్టులో ఏముంటుందో, బిల్లు ఎంతవుతుందో తెలియదు. అలాంటప్పుడు చేతిలోని సెల్‌ఫోనే తోడవుతుంది. కొందరు పాటలు వింటారు. కొందరు పోకర్, రమ్మీ వంటి పేకాటల్లో దిగుతారు. "పెద్ద పందేలేం కాదండీ, పది రూపాయలే. మనసు కాస్త మళ్లుతుందని" అంటారు.

ఆ మాట నిజమే కావచ్చు. అయినా పందెం చిన్నదైనంత మాత్రాన ఆట ప్రమాదం లేనిదని అనుకోకూడదు. ఎందుకో తెలుసుకుందాం.

హాయి ఎక్కడి నుంచి వస్తుంది?

తల్లిని డయాలసిస్‌కు తీసుకువచ్చే ఒక కుమారుడు ఉన్నాడనుకోండి. లోపల అమ్మకు నాలుగు గంటలు పడుతుంది. అతడు బయట కూర్చుని ఫోన్‌లో పోకర్ తెరుస్తాడు. చేతికి రెండు ముక్కలు వస్తాయి. మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు విడతలవారీగా తెరుస్తారు. ప్రతి విడతలోనూ పందెం పెంచాలా, అలాగే సాగాలా, ముక్కలు పడేయాలా అని తేల్చుకోవాలి. అంతసేపూ దిగులు పక్కకు తప్పుకుంటుంది. ఫోన్ కింద పెట్టగానే అదే దిగులు తిరిగి వస్తుంది. దాన్ని మళ్లీ తప్పించుకోవడానికి మళ్లీ ఆట కావాలి.

గెలుపు ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం కూడా మనసును కట్టిపడేస్తుంది. ప్రతిసారీ గెలిస్తే విసుగు పుడుతుంది, ఎప్పుడూ ఓడితే మానేస్తాం. అప్పుడొకటి అప్పుడొకటి గెలిస్తే మాత్రం "ఇంకొక్క ఆట" అనిపిస్తుంది. ఇందులో మెదడులోని డోపమైన్ అనే రసాయనానికి పాత్ర ఉంది. అందుకే మానలేని జూదాన్ని వైద్యులు చెడు బుద్ధిగా కాక, ఒక జబ్బుగా చూస్తారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల వరసలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ ఇది ఉంది.

చిన్న పందెం లెక్క

పోకర్‌లో ముక్కలు పంచకముందే ఇద్దరు ఆటగాళ్లు వంతులవారీగా కొంత సొమ్ము కట్టాలి. ఒకరు 1 రూపాయి, మరొకరు 2 రూపాయలు కట్టే బల్ల అనుకుందాం. ఆరుగురు ఆడుతుంటే, ఆరు ఆటలకు ఒక్కొక్కరి వంతు 3 రూపాయలు. ఫోన్‌లో ముక్కలు కలపడం, పంచడం క్షణాల్లో అయిపోతాయి కాబట్టి గంటకు 60 ఆటలు సాగడం మామూలే. అంటే వచ్చిన ముక్కలన్నీ పడేస్తూ కూర్చున్నా గంటకు 30 రూపాయలు పోతాయి. నాలుగు గంటలకు 120. నెలకు పన్నెండు డయాలసిస్‌లైతే 1,440 రూపాయలు. రాత్రిళ్లు ఆడేది ఇందులో లేదు. పందెం సొమ్ములో నిర్వాహకులు కోసుకునే కమీషన్ కూడా లేదు. ఎవరు గెలిచినా ఆ కమీషన్ పోతూనే ఉంటుంది.

"ఇది అదృష్టం కాదు, తెలివితో ఆడే ఆట" అని కొందరు వాదిస్తారు. పోకర్‌లో తెలివికి చోటున్న మాట నిజమే. అయితే ఆ తెలివి పనిచేయాలంటే మనసు నిలకడగా ఉండాలి. ఓడిన కోపంలో, పోయింది రాబట్టాలన్న తొందరలో అడ్డదిడ్డంగా పందేలు కాసే స్థితిని పోకర్ ఆటగాళ్లే 'టిల్ట్' అంటారు. రెండు రాత్రులు నిద్ర లేని మనిషి, డాక్టరుగారు ఏం చెబుతారోనని భయపడుతున్న మనిషి ఆ స్థితికి చాలా దగ్గరలో ఉంటాడు. అంటే మనసు బాగులేనప్పుడు ఆడితే ఓడే అవకాశమే ఎక్కువ.

చట్టం ఏమంటుంది?

డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఇటువంటి చట్టమే చేసింది. పేరున్న కంపెనీలు అప్పుడే డబ్బు ఆటలు ఆపేశాయి. ఇప్పుడు దొంగచాటుగా నడిచే వాటిలో సొమ్ము పోతే తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం. అయితే చట్టానికి భయపడి డాక్టరు దగ్గర విషయం దాచకండి. వారు అడిగేది వైద్యం కోసమే.

గమనించవలసిన గుర్తులు

- అనుకున్న సమయానికి ఆట ఆపలేకపోవడం
- పోయిన డబ్బు రాబట్టాలని మళ్లీ ఆడటం
- ఎవరైనా దగ్గరికి రాగానే ఫోన్ తిప్పేయడం, అబద్ధాలు చెప్పడం
- మందుల డబ్బు వాడటం, లోన్ యాప్‌లలో అప్పు చేయడం
- ఆడనప్పుడు చిరాకు, నిద్రలేమి

వీటిలో ఒకటి రెండు కనిపించినా, పందెం ఎంత చిన్నదైనా, పట్టించుకోవాలి.

ఒక ముఖ్య విషయం: పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందుల వల్ల కొందరు రోగుల్లో జూదం కోరిక కొత్తగా పుట్టవచ్చు. అలా గమనిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు మందు ఆపకండి.

ఇంటివారు ఏం చేయాలి?

నలుగురిలో నిలదీయకండి. సిగ్గుపడినవాడు ఇంకా దాస్తాడు. ఒంటరిగా ఉన్నప్పుడు అక్క వచ్చి, "తమ్ముడూ, నువ్వు సరిగా నిద్రపోయి ఎన్నాళ్లయింది? ఈ రాత్రి అమ్మ దగ్గర నేనుంటాను, నువ్వు ఇంటికెళ్లి పడుకో" అంటే, ఆ మాట తిట్టు కన్నా బాగా పనిచేస్తుంది. ఒక్కరి మీదే భారం వేయకుండా రోగి దగ్గర వంతులు వేసుకోండి.

వైద్యం డబ్బు మరొకరి ఖాతాలో ఉంచండి. ఫోన్‌లో డబ్బు పంపే పరిమితి తగ్గించండి. అప్పు తీర్చవలసి వస్తే నగదు చేతికివ్వకుండా, అప్పు వివరాలు చూసి నేరుగా కట్టండి. ఆట యాప్ తీసేశాక ఆ సమయాన్ని ఖాళీగా వదలకండి. కాసేపు నడవడం, పక్క రోగి బంధువులతో మాట్లాడటం, డాక్టరును అడగవలసిన ప్రశ్నలు కాగితం మీద రాసుకోవడం వంటివి దిగులును కొంత తగ్గిస్తాయి. డబ్బు లేకుండా ఆడే పేకాట కూడా, మానేయాలని ప్రయత్నిస్తున్నవారికి మంచిది కాదు.

ఆట ఆపడం చేతకాకపోతే మానసిక వైద్యుణ్ణి కలవండి. కౌన్సెలింగ్‌తో ఈ అలవాటు నుంచి బయటపడవచ్చు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. "బతకాలని లేదు" అన్న మాట వినిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

రోగి కోలుకోవాలంటే పక్కన ఉన్నవారు బాగుండాలి. ఈసారి డాక్టరుగారు రోగి గురించి చెప్పడం ముగించాక, "నాకూ నిద్ర పట్టడం లేదండీ" అని ఒక్క మాట చెప్పి చూడండి. చాలామందికి సహాయం ఆ మాటతోనే మొదలవుతుంది.