ఏట్లో బడి

న్యూయార్క్ నగరం దాటి వాయవ్యంగా రెండు గంటలకు పైగా ప్రయాణిస్తే క్యాట్‌స్కిల్ కొండలు వస్తాయి. అక్కడ రాస్కో అనే చిన్న ఊరి దగ్గర విల్లోవీమాక్ వాగు వచ్చి బీవర్‌కిల్ ఏట్లో కలుస్తుంది. ఆ కలిసే చోటు పేరు జంక్షన్ పూల్. ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగుతో ట్రౌట్ చేపను పట్టే ఫ్లై ఫిషింగ్‌కు అమెరికాలో ఈ కొండలు పెట్టింది పేరు. థియొడోర్ గోర్డన్ (1854–1915) ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్న ఫ్లైలను పరిశీలించి, ఇక్కడి పురుగులను పోలినవి తన చేత్తో కట్టింది ఈ ఏరుల కోసమే.

కొత్తగా నేర్చుకునేవాళ్లను తీసుకెళ్లడానికి అక్టోబరును మించిన నెల లేదంటాను. వసంతంలో నీళ్లు ఉరకలేస్తుంటాయి. ఎండాకాలంలో నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌట్‌కు ఊపిరాడదు, అప్పుడు గాలం వేయడం అన్యాయం. అక్టోబరుకి ఏరు చల్లబడి తేటపడుతుంది. పైగా ఆకులు రాలతాయి.

ఆ ఆకులే అసలు గురువులు. ఒడ్డున నిలబడి చూస్తే ఏరంతా ఒకే వేగంతో పోతున్నట్టుంటుంది. ఎర్రటి మేపుల్ ఆకులు నీళ్ల మీద పడ్డాక సంగతి తెలుస్తుంది. నడిమి ఆకులు పరుగెడతాయి, ఒడ్డువారవి తీరిగ్గా సాగుతాయి, బండ వెనక చిక్కిన ఆకు సుడి తిరిగి ఎగువకే బయల్దేరుతుంది. పరుగు నీటికీ నెమ్మది నీటికీ మధ్య సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది. ట్రౌట్ ఆ గీత పక్కనే కాపు కాస్తుంది. నెమ్మది నీట్లో తల ఎగువకు పెట్టి నిలబడి, పరుగు నీరు మోసుకొచ్చే తిండిని అందుకుంటుంది.

మనం వేసిన ఫ్లై కూడా ఆ ఆకు పోయినట్టే పోవాలి. లైను ప్రవాహానికి చిక్కి దాన్ని లాగిందంటే వెనక చిన్న చాలు పడుతుంది. చేప అది చూసి తప్పుకుంటుంది. ఇక విసరడం అంటారా, ఫ్లైకి బరువే లేదు, బరువంతా లైనుదే. లైను వెనక్కి పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు రాడ్‌ను ముందుకు తేవాలి. కొత్తవాళ్లకు కష్టమంతా ఆ అర క్షణం ఆగడంలోనే.

రాడ్ చేతికివ్వక ముందే ఒక రాయి తిరగేయిస్తాను. న్యూజెర్సీ నుంచి వచ్చిన ఒక తెలుగమ్మాయి మోకాలి లోతు నీళ్లలోంచి అరచేతంత రాయి తీసి, "పుల్ల అంటుకుందన్నా" అని గోటితో గీకబోయింది. "తీయకమ్మా, కాసేపు చూడు" అన్నాను. పుల్ల కొసలోంచి ముదురు రంగు తల, వెనకే ఆరు కాళ్లు బయటికొచ్చాయి. అది క్యాడిస్ పిల్లపురుగు. నోటి నుంచి పట్టుదారం తీసి, ఇసుక రేణువులో ఆకుముక్కలో అతికించుకుని గొట్టంలాంటి ఇల్లు కట్టుకుంటుంది. ఎక్కడికెళ్లినా ఆ ఇంటిని ఈడ్చుకునే పోతుంది. ఏటి అడుగున నాని, బూజు పట్టిన ఆకులే ఇలాంటి పురుగులు ఎన్నింటికో తిండి.

మేఫ్లై కథ ఇంకా వింత. నెలల తరబడి నీళ్లలో పెరిగి, ముసురు పట్టిన మధ్యాహ్నం పైకి తేలి రెక్కలు విప్పుతుంది. రెక్కలొచ్చాక మరోసారి పొర విడిచే కీటకం ఇదొక్కటే. ఎగిరే మేఫ్లైకి తినడానికి పనికొచ్చే నోరుండదు. జతకట్టి, గుడ్లు పెట్టి, సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో రాలిపోతుంది. ఆ ముసురులో నీటి మీద ఉంగరాలు ఉంగరాలుగా అలలు లేస్తే కింద ట్రౌట్ మేస్తోందని అర్థం.

చేప పడితే చేతులు తడుపుకుని పట్టుకోవాలి, పొడి చేయి దాని ఒంటి జిగురును ఊడ్చేస్తుంది. గాలానికి ముల్లు ఉండకూడదు. అక్టోబరు 15 దాటాక న్యూయార్క్ రాష్ట్రంలో చాలా ఏరుల్లో పట్టిన ట్రౌట్‌ను వదిలేయాలన్నది చట్టం కూడా.

దానికి కారణం ఏటి అడుగునే ఉంది. ఇక్కడే పుట్టిన బ్రూక్ ట్రౌట్, 1883లో జర్మనీ నుంచి గుడ్లుగా న్యూయార్క్ చేరిన బ్రౌన్ ట్రౌట్, రెండూ ఆకురాలు కాలంలోనే గుడ్లు పెడతాయి. ఆడచేప పక్కకు వాలి తోకతో గులకరాళ్లు తవ్వి గుంట చేస్తుంది, గుడ్లు పెట్టి మళ్లీ రాళ్లు కప్పుతుంది. పాచి పోయి ఆ చోటు మాత్రం చుట్టుపక్కల కన్నా తెల్లగా మెరుస్తుంది. చలికాలమంతా గుడ్లు ఆ రాళ్ల కిందే ఉంటాయి. అక్కడ ఒక్క అడుగు పడితే అవి నలిగిపోతాయి. ఆ తెల్లటి చోటును చూపించకుండా శిష్యుల్ని నీళ్లలోకి దింపేవాడు ఎంత బాగా విసిరినా నా దృష్టిలో గురువు కాడు. జత చేపలు కనిపించాయంటే మేం లైను చుట్టేసి ఒడ్డెక్కుతాం. ఆ మడుగు దాటాకే మళ్లీ దిగుతాం.